నల్ల కారు, తడి తువ్వాలు: ఏడు వాష్‌ల డైరీ

మొదటి వాష్

రాత్రి ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీదికి పట్టి చూశాను. చూడకుండా ఉన్నా బాగుండేది. వెలుగు పడిన చోట చుట్టూరా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. నీడలో ఉన్నంతసేపు కారు నిగనిగలాడుతుంది, ఎండలోకి తీశామా, గుట్టు రట్టు. మొదట షాంపూని అనుమానించాను, తర్వాత చేతికి తొడుక్కుని కడిగే మిట్‌ని. కానీ కడిగేటప్పుడు మధ్యలో నురగ ఉంటుంది, చెయ్యి జారిపోతుంది. తుడిచేటప్పుడు ఏముంది? రెండేళ్ళుగా నేను వాడుతున్నది ఒంటికి పనికిరాక పక్కన పడేసిన కాటన్ తువ్వాలు. దాంతో గిన్నెలు తోమినట్టు తోమేవాణ్ణి.

గీతలు గుండ్రంగా కనిపిస్తున్నాయి కాబట్టి గుండ్రంగా రుద్దడమే తప్పనుకున్నాను. టార్చ్ పక్కకి జరిపితే సాలెగూడు కూడా దాని వెంటే జరిగింది. అంటే గీతలు అన్ని దిక్కులకీ ఉన్నాయి, వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి చుట్టలా కనపడుతున్నాయి. కాబట్టి నేను ఎటు రుద్దానన్నది అంత ముఖ్యం కాదు, దేంతో, ఎంత బలంగా రుద్దానన్నదే లెక్క. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, చాలా కార్లకి 40, 50 మైక్రాన్ల మందమే, తల వెంట్రుకంత కూడా ఉండదు. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత అరుగుతుంది. అందుకే పాలిష్ సంగతి తర్వాత, ముందు కొత్త గీతలు పడకుండా చూద్దామనుకున్నాను.

రెండో వాష్: షామీ

గొట్టం డబ్బాలో చుట్టి వస్తుందే, తాకితే తడి రబ్బరులా ఉంటుందే, ఆ సింథటిక్ షామీ కొన్నాను. నీళ్ళు పీల్చడంలో దానికి వంక పెట్టలేం. పిండితే ఒక్కసారికే ఖాళీ, మళ్ళీ వేస్తే మళ్ళీ పీలుస్తుంది. కానీ పని మధ్యలో దాన్ని తిరగేసి చూస్తే, తలుపు కింది భాగం తుడిచిన చోట రెండు ఇసుక రేణువులు అలాగే అంటుకుని ఉన్నాయి. షామీకి నూగు ఉండదు. మట్టి రేణువు దొరికితే లోపలికి దిగడానికి చోటుండదు, గుడ్డకీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కుని మనతోపాటు ఊరేగుతుంది. పైగా తడిసిన షామీ పెయింట్‌ని పట్టుకుని వదలదు, లాగాల్సి వస్తుంది. బయట మర్చిపోయి మర్నాడు చూస్తే అప్పడంలా గట్టిపడింది. నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడింది లెండి. ఇప్పుడది కిటికీ అద్దాలకీ తలుపుల గడపలకీ పరిమితం.

రబ్బరు బ్లేడు కూడా ఒకటి ఇంట్లో ఉంది. దానిదీ ఇదే రోగం. ఇంకాస్త ముదిరిన రోగం.

మూడో వాష్: మైక్రోఫైబర్, కాటా

ఈసారి 60 సెంటీమీటర్లకి 90, వాఫుల్ నేత (గళ్ళు గళ్ళుగా గుంటలుండేది), 400 జీఎస్‌ఎం. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువన్నది, అంతే. మెత్తదనానికి మార్కులు కావు అవి. లెక్క వేస్తే ఈ తువ్వాలు 216 గ్రాములు ఉండాలి. వంటింటి కాటా మీద పెడితే దాదాపు అంతే చూపించింది. ముచ్చటేసింది.

మైక్రోఫైబర్‌లో ఎక్కువ భాగం పాలిస్టర్, మిగతాది పాలీఅమైడ్, అంటే నైలాన్ రకం. 80/20, 70/30 అని లేబుల్ మీద రాసేది ఈ పాళ్ళే. పోగు 1 డెనియర్ కంటే సన్నం: 9 కిలోమీటర్ల పోగు తీస్తే ఒక గ్రాము కూడా తూగదన్నమాట. ఆ పోగులు చీలి ఉండటం వల్ల మధ్య సందుల్లోకి నీళ్ళు వాటంతటవే ఎక్కుతాయి. వాఫుల్ గళ్ళు ఇంకో మేలు చేస్తాయి, దారి తప్పిన రేణువు ఏదైనా ఉంటే ఆ గుంటలోకి జారుతుంది.

కొత్త తువ్వాలు పొడిగా వేస్తే మొదటి నాలుగు తుడుపులూ నీటిని తోసేసింది, పీల్చలేదు. ఒక్కసారి తడిపి గట్టిగా పిండి వేశాక పీల్చడం మొదలుపెట్టింది. కారంతా అయ్యేసరికి మూడుసార్లు పిండాల్సి వచ్చింది. పిండిన నీళ్ళని మగ్గులో పట్టి తూచాను (ఇంట్లోవాళ్ళు చూసిన చూపు వేరే కథ). తువ్వాల్లో మిగిలిందీ కలుపుకుంటే 900 గ్రాములకి అటూ ఇటూ. దాదాపు లీటరు నీళ్ళని కారంతా గుడ్డతో నెట్టుకుంటూ తిరుగుతున్నానన్నమాట.

నాలుగో వాష్: ఎండ

ఇది రాయాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. "ఎండలో పెడితే అదే ఆరిపోతుంది కదరా, ఇంత హైరానా ఎందుకు" అన్నాడు నాన్న. ఆ రోజు నాక్కూడా ఓపిక లేదు. బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, అయినా కడిగేశాను. ఎడమ పక్క తుడుస్తుండగానే కుడి పక్క ఆరిపోయింది. ప్రతి చుక్కా ఉన్నచోటే తెల్లటి చట్రం వదిలి వెళ్ళింది, మధ్యలో ఖాళీ, అంచు ముగ్గుపిండితో గీసినట్టు.

మా ఇంటికి వచ్చేవి ఉప్పు నీళ్ళు. నీరు ఆవిరైపోతుంది, అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎక్కడికి పోతాయి? పెయింట్ మీదే కూర్చుంటాయి. టీడీఎస్ మీటర్ పెడితే 420 చూపించింది. ఎంత కరిగి ఉందన్నదే ఆ మీటర్ చెబుతుంది, ఏది కరిగి ఉందన్నది చెప్పదు. కాబట్టి ఆ నంబరు చూసి మరీ టెన్షన్ పడక్కర్లేదు. మరక వదిలేది మాత్రం ఖాయం.

సాయంత్రం చల్లబడ్డాక తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి మరకల మీద ఒక నిమిషం పరిచాను. తర్వాత బాగా నీళ్ళు పోసి కడిగేశాను. చాలావరకు పోయాయి. బానెట్ మీద నాలుగైదు మాత్రం పోలేదు. గోరుతో తాకితే ఏమీ తగలదు, వాలుగా చూస్తే చిన్న గుంటల్లా కనిపిస్తాయి. అవి ఇంక మరకలు కావు, క్లియర్ కోట్‌నే తినేసిన గుర్తులు. వాటికి పాలిష్ తప్ప మందు లేదు. నాన్నకి చూపించాను. "నల్ల కారు ఎవడు కొనమన్నాడు" అన్నాడు.

ఐదో వాష్: నాజిల్ తీసేశాను

ఈ డైరీలో మీరు ఒక్క వాషే చదువుతానంటే ఇది చదవండి.

చివరి కడుగుడు అయ్యాక పైపుకి ఉన్న నాజిల్ తీసేశాను. ధార పెద్దగా, నెమ్మదిగా, చప్పుడు లేకుండా వచ్చేలా కొళాయి తగ్గించాను. పైపు మూతిని రూఫ్ మధ్యకి దగ్గరగా పట్టుకున్నాను, తగలనివ్వలేదు. నీళ్ళు పలచటి పొరలా పరుచుకుని జారడం మొదలుపెట్టాయి. పొర అంచు ఎక్కడికి చేరితే అక్కడున్న చుక్కల్ని తనలో కలుపుకుని పోయింది. దుప్పటిని మంచం మీంచి ఒక కొసన పట్టి లాగినట్టుంటుంది చూడటానికి. రూఫ్, వెనకద్దం, బానెట్, తర్వాత తలుపులు. స్ప్రే చేస్తే వేల చుక్కలు మిగిలే చోట ఇప్పుడు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి.

అదే వాఫుల్ తువ్వాలు, అదే కాటా. ఈసారి తువ్వాలు ఎత్తిన నీళ్ళు 350 గ్రాములు. ఒక్కసారి పిండితే సరిపోయింది. తువ్వాలు మార్చి నేను సాధించింది కొంచెమే, నాజిల్ తీసి సాధించింది అంతకు రెట్టింపు. ఇన్నాళ్ళూ ఏ తువ్వాలు మంచిదని వెతికాను గానీ తువ్వాలు దాకా అసలు ఎన్ని నీళ్ళు రావాలన్నది ఆలోచించలేదు.

ఒక షరతు ఉంది. పెయింట్ మీద మైనమో కోటింగో బతికి ఉంటేనే ఇంత బాగా జారుతుంది. నా కారు తలుపుల కింది భాగంలో మైనం ఎప్పుడో పోయింది, అక్కడ నీళ్ళు మొండికేసి అలాగే నిలబడ్డాయి. ఎక్కడ మళ్ళీ మైనం పట్టాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఆరో వాష్: మెలితిప్పిన పోగుల తువ్వాలు

50కి 80, 1200 జీఎస్‌ఎం, కాటా మీద 480 గ్రాములు. రెండు పక్కలా మెలితిప్పిన పోగుల కుచ్చులు. చేతిలో పట్టుకుంటే చిన్న గొర్రెపిల్లలా ఉంది. బానెట్ మీద పరిచి, రెండు కొసలు పట్టుకుని, నొక్కకుండా నా వైపు లాగాను. తువ్వాలు బరువే సరిపోయింది. వెనక ఒక్క చుక్క లేదు, పలచటి ఆవిరిలాంటి తడి మాత్రం కొన్ని సెకన్లు ఉండి పోయింది. కారంతా ఒక్కసారి కూడా పిండకుండా అయిపోయింది.

తడి ఉండగానే ఒక్కో భాగం మీద రెండు పిచికారీలు స్ప్రే వ్యాక్స్ కొట్టాను. మెరుపు కోసం కాదు, గుడ్డ జారడం కోసం. తేడా చేతికే తెలుస్తుంది. ఎక్కువైతే మాత్రం జిడ్డు చారలు వస్తాయి, డిక్కీ మీద తెచ్చుకున్నాను కూడా.

లాగడమా, అద్దడమా అని వాదించేవాళ్ళున్నారు. బాగా కడిగిన రూఫ్ మీద, బానెట్ మీద లాగుతాను. వెనక బంపర్, చక్రాల పైన వంపు, తలుపుల అడుగు దగ్గర అద్దుతాను, ఎందుకంటే అక్కడ ఎంత కడిగినా మట్టి పూర్తిగా పోయిందని నాకు నమ్మకం లేదు. చక్రాలకి వేరే పాత గుడ్డ. బ్రేకు దుమ్ము అంటిన గుడ్డ మళ్ళీ పెయింట్ మొహం చూడకూడదు, అందుకే దాని మూలకి ఎర్ర దారంతో ఒక కుట్టు వేశాను.

సగం పనిలో తువ్వాలు చేతిలోంచి జారి నేల మీద పడింది. దులిపేసి కానిచ్చేద్దామని చెయ్యి పోయింది. ఆగాను. రెండు వేల కుచ్చుల్లో ఏ కుచ్చులో రాయి దాక్కుందో వెతికే ఓపిక నాకు లేదు. పక్కన పెట్టి వాఫుల్‌తో ముగించాను.

ఏడో వాష్: గాలి

ఎంత తుడిచినా, కారు తీసి వీధి చివర మలుపు తిరిగేసరికి సైడ్ మిర్రర్ కిందినుంచి తలుపు మీదికి ఒక కన్నీటి చార. ఆకులు ఊదే బ్యాటరీ బ్లోయర్ అరువు తెచ్చుకున్నాను. మిర్రర్ సందులు, తలుపు పిడులు, గ్రిల్, నంబర్ ప్లేటు వెనక, పెట్రోలు మూత గూడు, చక్రాల నట్లు, వెనక అక్షరాల మధ్య. ఊదుతుంటే ఎక్కడెక్కడినుంచో నీళ్ళు వస్తూనే ఉన్నాయి. కారంతా గాలితోనే ఆరబెడదామని చూశాను గానీ, చదునుగా ఉండే భాగాల మీద చుక్కలు అటూ ఇటూ పరుగెత్తడం తప్ప పని సాగలేదు, బ్యాటరీ అయిపోయింది. సందులకి గాలి, మిగతాదానికి తువ్వాలు. నేల మీద ఉన్న దుమ్ముని మాత్రం ఊదకండి, అదంతా లేచి తడి కారు మీదే కూర్చుంటుంది.

ఆఖర్న కారుని రెండు వీధులు నడిపి, మెల్లగా నాలుగైదుసార్లు బ్రేకు వేసి వచ్చాను. లేకపోతే డిస్కుల మీద మర్నాటికి నారింజ రంగు తుప్పు పొర కనిపిస్తుంది. హాని లేదు, చూడటానికి బాగోదు, అంతే.

తువ్వాళ్ళ సంగతి

మైక్రోఫైబర్‌వన్నీ విడిగా, లిక్విడ్ సబ్బుతో, గోరువెచ్చటి నీళ్ళలో. కాటన్ బట్టలతో కలిపితే వాటి నూగంతా ఇవి పట్టుకుంటాయి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వీటికి వెయ్యకూడదు, పోగుల మీద పొరలా పట్టి పీల్చడం మానేస్తాయి. వేడి ఎక్కువైతే పోగుల కొసలు గట్టిపడతాయి, అందుకే నీడలో ఆరేస్తాను. కొత్తవాటిని వాడకముందే ఒకసారి ఉతికి, లేబుల్ కత్తిరించాలి. నేను లేబుల్ మర్చిపోయాను, దాని కుట్టు మొన బానెట్ అంచున గీసిన గీత ఇంకా ఉంది.

కింద పడ్డ పెద్ద తువ్వాలు రెండుసార్లు ఉతికాను. ఆరాక తిరగేసి, కుచ్చులు విడదీసి వేళ్ళతో తడిమితే ఒక ముక్క గడ్డి దొరికింది, రాయి దొరకలేదు. అయినా దాన్ని తలుపుల లోపలి అంచులకి దించేశాను. వచ్చే వాష్‌కి అలాంటిదే ఇంకోటి రావాలి. ఈసారి అంచు కుట్టు మీద కూడా మెత్తటి గుడ్డ పట్టీ ఉన్నది చూసుకున్నాను. బ్లోయర్ మాత్రం వెనక్కి ఇచ్చేశాను, కాబట్టి ఎడమ మిర్రర్ మళ్ళీ ఏడుస్తుంది.