పానా పట్టే తీరు

మన విజయవాడ ఆటోనగర్‌లో లారీలు విప్పుతుంటే నిలబడి చూడటం నాకు భలే ఇష్టం. మొన్న తుప్పు పట్టిన నట్టు ఒకటి మొండికేసింది. కుర్రాడు ఓపెన్ పానా వేయబోతే మేస్త్రీ ఆపాడు. "రింగు పానా తేరా. అది మూలలన్నీ పడుతుంది. ఇదైతే రెండు పలకలే పట్టి అంచులు తినేస్తది" అన్నాడు. నట్టు మీద కాస్త డీజిల్ పోసి, నాననిచ్చి, అప్పుడు పట్టించాడు. "నెట్టకు, నీ వైపుకి లాగు." నెట్టేటప్పుడు పానా జారిందా, వేళ్ల కణుపులు ఛాసిస్‌కి కొట్టుకుని పగులుతాయి.

పక్కన పెట్టిన ఓపెన్ పానా చేతిలోకి తీసుకుని చూశాను. దాని నోరు పిడికి సూటిగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకి ఒరిగి ఉంటుంది. ఇరుకులో ఒకసారి తిప్పి, పానా తిరగేసి మళ్లీ పట్టిస్తే చాలు. 30 డిగ్రీలు ఆడే చోటున్నా ఆరు పలకల నట్టు వచ్చేస్తుంది. ఇది ఆలోచించినవాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే స్క్రూ పానా అయితే బలం కదలని దవడ మీద పడాలి. పిడికి పైపు తొడిగి లాగడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పిడి పొడవు ఊరికే పెట్టరు, పానా తల ఎంత తట్టుకోగలదో చూసి పెడతారు.

ఇంకోటి. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచు గ్రైండింగ్ చేయించాకే సమ్మెట ఎత్తండి. దెబ్బకి ఎగిరే ఇనుప ముక్క నేరుగా కంట్లోకే రావచ్చు.