చుక్కతో ఓరుగల్లుకు

కుక్కను వెంటబెట్టుకొని ఊరు వెళ్ళేవారికి, ఏమేం చూడాలన్న దానికన్నా ముందు రాత్రి ఎక్కడ ఉండాలన్నది తేలాలి. డిసెంబరులో మా వారు, నేను, మా చుక్క కలిసి హైదరాబాదు నుంచి ఓరుగల్లు వెళ్ళాలనుకున్నప్పుడు ఎక్కువ సమయం ఈ వెతుకులాటకే పోయింది. కుక్క ఉన్నా ఫరవాలేదని ఫోనులో చెప్పిన ఒక లాడ్జివారు, అది మోకాలు దాటిన ఎత్తు ఉంటుందని చెప్పగానే మాట మార్చారు. హనుమకొండలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తాము ఉంటున్న ఇంట్లోనే అతిథులకు గది ఇచ్చి, ఉదయం టిఫిను కూడా పెడతారని చివరకు ఒక స్నేహితురాలి ద్వారా తెలిసింది.

కేంద్ర పర్యాటక శాఖవారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒక నియమం ఉంది: అతిథులకు ఇచ్చే గదులు ఆరుకు మించకూడదు, యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉండాలి. కుక్కతో వెళ్ళేవారికి ఆ రెండో షరతు ఎంత మేలు చేస్తుందో అక్కడికి వెళ్ళాకే నాకు బోధపడింది. లాడ్జిలో కుక్కను రానిస్తారా, రానివ్వరా అన్నంతవరకే మాట. కాపురం ఉన్న ఇంట్లో అయితే వచ్చేది ఎలాంటి కుక్క అని అడిగేవాళ్ళుంటారు. టీచరమ్మగారు ముందుగా రేబిస్ టీకా కార్డు ఫొటో పంపమన్నారు. రాత్రిళ్ళు మొరుగుతుందా, పక్కింటివాళ్ళ కోళ్ళ జోలికి పోతుందా అని అడిగారు. అంత వివరంగా అడిగినందుకే నాకు ఆ ఇంటి మీద నమ్మకం కుదిరింది.

గేటు దగ్గరే చుక్కను పరకాయించి చూసి, "దేవునర్ర దిక్కు రానియ్యకు బిడ్డా, మంచం మీద పండనియ్యకు. ఇగ ఇల్లంత దానిదే" అన్నారు. కొత్త చోట మొదటి పూట చుక్క ఏమీ తినదని తెలిసి, ఇంట్లో అది రోజూ పడుకునే పాత దుప్పటిని ఉతకకుండానే తెచ్చి మంచం పక్కన పరిచాము. తన వాసన తగిలాక అది రెండుసార్లు చుట్టు తిరిగి పడుకుంది.

మరునాడు పొద్దున్నే టీచరమ్మగారు సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు కలిపి, ఆ ముద్దను గిన్నె లోపలి గోడల దాకా వేళ్ళతో పలుచగా అద్ది, మధ్యమధ్య వేలితో గుంటలు చేసి, ఒక్కో గుంటలో నూనె చుక్క వేసి మూతపెట్టి సన్నని మంట మీద ఉంచారు. అంచులు ఎర్రబడి గిన్నెను విడిచేసరికి చుక్క గడప దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒక ముక్క దానికీ పెట్టబోతే నేను వారించాను. ఉల్లిజాతి ఏదైనా కుక్కల రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. ఆమె నొచ్చుకోలేదు. ఆ మరుసటి పొద్దున ఉల్లికాడలు, ఉప్పు, కారం లేకుండా అరచేతి పాటి సర్వపిండి ఒకటి విడిగా చేసి, చల్లార్చి, "గిది దానికి" అని నా చేతికిచ్చారు. డబ్బు తీసుకొని బస ఇచ్చే చోట ఇంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

రామప్ప చూడటానికి పాలంపేట వెళ్ళాము. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లోకి జంతువులను తీసుకువెళ్ళకూడదు కనుక, ఒకరు లోపలికి వెళితే మరొకరు బయట చెట్టు నీడలో చుక్కతో ఉండాలని ముందే అనుకున్నాము. ఇలా వంతులవారీగా చూడటంలో ఒక లాభం ఉంది. తొందరపెట్టేవాళ్ళు పక్కన లేకపోవడంతో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి చూరు కింది మదనికలను, అంటే రాతి స్త్రీమూర్తులను, ఒక్కొక్కరినీ నిలబడి చూశాను. నల్లరాతి నునుపు ఇన్ని శతాబ్దాలకూ తగ్గలేదు. ఒక మదనిక కాళ్ళకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి. శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడి, పునాదిలో ఇసుక నింపిన ఆనాటి స్థపతుల నేర్పును 2021లో యునెస్కో గుర్తించి ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా వారు లోపలికి వెళ్ళినప్పుడు నేను బండపై అరచేయి ఆనించి వేడి చూసుకొని చుక్కను నడిపించాను. డిసెంబరులోనూ మధ్యాహ్నపు రాయి కుక్క పాదాలను చురుక్కుమనిపిస్తుంది.

బసకు తిరిగి వచ్చాక వరండాలో కూర్చొని దాని చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వెతికితే గోమార్లు దొరికాయి. టీచరమ్మగారు అడగకుండానే చిమటా, గిన్నెలో సబ్బునీళ్ళు తెచ్చిపెట్టారు. గడ్డిలో తిరిగిన కుక్కకు ఆ పూటే ఈ పని చేయాలి. టిక్ ఫీవరు వాటి ద్వారానే వస్తుంది.

వేయిస్తంభాల గుడినీ వంతులవారీగానే చూశాము. ఓరుగల్లు కోట సంగతి వేరు. కోట లోపలే ఊరుంది, దారులు అందరివీ. తెల్లవారుజామున రాతికోట వెంబడి రోడ్డు మీద చుక్కను నడిపించాము. వీధికుక్కలు గుంపుగా వచ్చినప్పుడు పరుగెత్తకుండా, గొలుసు బిగించి లాగకుండా నిలబడితే, అవి కాసేపు మొరిగి వాసన చూసి వెళ్ళిపోయాయి. పాకాల మాత్రం మానుకున్నాము. గణపతిదేవుని కాలం నాటి ఆ చెరువును చూడాలని నాకెంతో ఉన్నా, అది అభయారణ్యం. పెంపుడు కుక్కల నుంచి డిస్టెంపర్ వంటి జబ్బులు అడవి జంతువులకు సోకుతాయి.

బయలుదేరే రోజున గది ఊడ్చి, రాలిన వెంట్రుకలు ఏరి, దుప్పట్లు వాకిట్లో దులిపి ఇచ్చాము. చుక్క కోసం విడిగా ఏమీ తీసుకోనన్నారు టీచరమ్మగారు. మేము బలవంతపెడితే, ఆ డబ్బుతో గల్లీ కుక్కలకు టీకాలు వేయిస్తానని తీసుకున్నారు. మేడారం జాతర రోజుల్లో మాత్రం రావద్దని, అప్పుడు ములుగు దారి జనంతో నిండి కుక్క బెదిరిపోతుందని చెప్పి, వానలు వెలిసి లక్నవరం నిండినప్పుడు రమ్మన్నారు.