పునర్వసులో ఆరుగురు: కావలూరు వెళ్లొచ్చిన కబుర్లు

తమిళనాడులో నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీ ఉన్న కావలూరు వెళ్లాలని చాన్నాళ్లుగా ఉన్నా, మా బావమరిది బండి తీస్తాననేదాకా కుదర్లేదు. చిత్తూరు నుంచి వేలూరు, ఆంబూరు, వాణియంబాడి, అక్కడ హైవే వదిలేసి ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కాలి. ఆంబూరులో బిర్యానీ తినకుండా వాడు ముందుకు కదలడని తెలుసు కాబట్టి పెందలాడే బయల్దేరాం. సన్నటి సీరగ సాంబ బియ్యం, పక్కన పుల్లటి వంకాయ కూర... దీని గురించి మొదలుపెడితే నక్షత్రాల దాకా రాలేను.

పైన ఉన్నది వైనూ బప్పు అబ్జర్వేటరీ. ఖగోళ శాస్త్రవేత్త బప్పు గారు పెరిగింది మన హైదరాబాదులోనే, వాళ్ల నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. ఆయన కలగన్న 2.34 మీటర్ల టెలిస్కోపు 1986లో ఆయన పేరుతోనే ప్రారంభమైంది, అప్పటికి ఆయన పోయి మూడేళ్లు దాటింది. శనివారాల్లో జనాన్ని లోపలికి వదులుతారు. గైడు తమిళంలో చెబుతున్నాడు, చిత్తూరోళ్లం కాబట్టి మాకేం ఇబ్బంది లేదు.

డోము లోపల చల్లగా, గ్రీజు వాసనతో ఉంది. "ఇందులోంచి ఎక్కడ కన్ను పెట్టి చూస్తారు బావా?" అన్నాడు మావాడు. ఎక్కడా పెట్టరు. అద్దం మీద పడిన వెలుగుని వెంట్రుకంత సన్నటి గాజు ఫైబర్‌లోకి పట్టి, వేరే గదిలో ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్‌కి పంపిస్తారు. అక్కడ ఆ వెలుగు రంగులుగా విడిపోతుంది, రంగుల మధ్య సన్నటి నల్ల గీతలు ఉంటాయి. నక్షత్రం మనవైపు వస్తుంటే గీతలు నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఒంటరి నక్షత్రమైతే గీతలు ఇలా అటూ ఇటూ ఊగాల్సిన పనిలేదు. లెక్క తప్పకుండా ఊగుతున్నాయంటే, చాలామటుకు మనకు కనపడనిది ఏదో పక్కనుండి లాగుతోందన్నమాట.

అదే ఆవరణలో ఒక మీటరు టెలిస్కోపు కూడా ఉంది. 1977లో యురేనస్ ఒక నక్షత్రం ముందు నుంచి వెళ్తుందని ఇక్కడివాళ్లూ కాపు కాశారు. గ్రహం ఇంకా అడ్డం రాకముందే నక్షత్రం వెలుగు తగ్గింది. యురేనస్ వలయాలు బయటపడ్డ ఆ రాత్రి కొలతల్లో కావలూరువీ ఉన్నాయి. నన్నడిగితే ఆ పెద్దదానికన్నా దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి, జనం మాత్రం పెద్దదాని ముందు సెల్ఫీలు దిగి వెళ్లిపోతున్నారు.

చీకటి పడ్డాక ఒక చిన్న టెలిస్కోపు దగ్గర క్యూ కట్టించారు. ఫిబ్రవరి కాబట్టి పునర్వసు ఈశాన్యంలో బాగా పైకొచ్చింది, రాముడి నక్షత్రం అంటే మా వెనకున్న పెద్దావిడ దండం కూడా పెట్టుకుంది. పునర్వసు అంటే పక్కపక్కనే కనిపించే రెండు నక్షత్రాలు, వాటిలో ఉత్తరం వైపుది కాస్టర్. కంటికి ఒకటే చుక్క. ఐపీస్‌లో చూస్తే రెండు తెల్లటి చుక్కలు, మధ్యలో సన్నటి నల్లటి సందు! ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 1803లో విలియం హెర్షెల్ తేల్చాడు. ఒక చుట్టుకి నాలుగు వందల ఏళ్ల పైమాటే.

అసలు కథ ఆ రెండు చుక్కల లోపల ఉంది. ఒకదాని గీతలు 9 రోజుల చిల్లరకోసారి, రెండోదానివి 3 రోజుల లోపే ఊగుతాయి. అంటే ఒక్కోదాన్నీ అంటిపెట్టుకుని ఒక్కో ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్న ఎర్రటి నక్షత్రం, ఉంది. దూరంగా ఇంకో మసక చుక్క, అదీ ఈ కుటుంబానిదే. అందులోనూ ఇద్దరున్నారు, 19 గంటల చిల్లరలో చుట్టు తిరుగుతూ ఒకరికొకరు అడ్డం వస్తుంటే వెలుగు తగ్గుతుంది. మొత్తం ఆరుగురు.

ఈ అడ్డం రావడం మీద మన ఉస్మానియా వాళ్లు కూడా హైదరాబాదు దగ్గరి జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో చాలా పని చేశారు. ఈ పనిలో నాకు భలే నచ్చే కిటుకు ఒకటుంది. ఈ అడ్డం రావడాలు, అంటే గ్రహణాలు, టైముకి పడుతున్నాయా లేదా అని ఏళ్ల తరబడి గడియారం పెట్టి చూస్తారు. రోజూ ఆరింటికొచ్చే పాలబ్బాయి కొన్నాళ్లు కొంచెం కొంచెంగా లేటవుతూ, మళ్లీ కొన్నాళ్లు తొందరగా వస్తూ ఉంటే, అతను బయల్దేరే చోటే దూరం జరిగి దగ్గరకొస్తోందని అనుమానించాలి కదా. అలాగే కనపడని మూడో నక్షత్రం ఒకటి ఇలాంటి జంటని లాగి తిప్పుతుంటే, జంట అవతలికి పోయినప్పుడు వెలుగు మనదాకా రావడానికి ఇంకాస్త టైం పడుతుంది, ఇవతలికి వచ్చినప్పుడు తక్కువ. గ్రహణం నిమిషాల తేడాతో వెనకా ముందూ అవుతుంది. మూడోదాన్ని ఎవరూ చూడకుండానే దాని చుట్టుకాలం, కనీసం ఎంత బరువుండాలో లెక్క కట్టేస్తారు. నమ్మేముందు వేరే కారణాలు కూడా చూసుకోవాలి, ఎందుకంటే రెండు నక్షత్రాల మధ్య పదార్థం అటూ ఇటూ మారినా టైము జరుగుతుంది.

కిందికి దిగేటప్పటికి పదైంది. ఈశాన్యంలో చెట్ల పైన సప్తర్షులు లేచారు. మావాడు పెళ్లిలో చూశానన్న అరుంధతిని ఇప్పుడు నిజంగా వెతికాడు. వశిష్ఠుడు నాలుగు నక్షత్రాలనీ, అరుంధతికి కూడా ఒక చిన్న తోడుందని 2009లో కనిపెట్టారనీ చెప్తే, "అయితే పంతులు గారు మాకు మొత్తం ఆరింటిని చూపించినట్టే" అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లు పున్నమికి దగ్గర్లో ఉన్న శనివారాలు మానుకోండి, వానాకాలం అసలే వద్దు. స్వెట్టర్ పెట్టుకోండి. పైన తిండికి పెద్దగా ఏమీ దొరకదు, ఆంబూరులోనే రెండు పొట్లాలు అదనంగా కట్టించుకుంటే మేలు.