నీళ్లున్న చోట కాదు, నేల ఉన్న చోట

మా పాపకు పదకొండేళ్లు. డాలస్ పక్కన మేముండే ఊళ్లో ఒక నింజా జిమ్‌కు రెండేళ్లుగా వెళుతోంది. టీవీలో వచ్చే అడ్డంకుల పోటీల్లోలా కడ్డీలు పట్టుకుని ఊగడం, గోడలెక్కడం, దూకడం అక్కడ నేర్పుతారు. మొన్న శనివారం ఇంటికి వచ్చి గుప్పిట మూసుకునే భోజనానికి కూర్చుంది. బలవంతంగా తెరిపించి చూస్తే, కుడి అరచేతిలో ఉంగరం వేలి మొదట కాయ కాసిన చోట చర్మం రూపాయి బిళ్లంత మేర లేచిపోయి, లోపల పచ్చిగా ఎర్రగా ఉంది. "అందరికీ ఇలాగే అవుతుంది నాన్నా, ఇది దెబ్బ కాదు" అంది. ఆ మాట నిజమే, చర్మం వారం తిరిగేసరికి మానుతుంది. అయితే ఆ చెయ్యి మోసిన బరువును లెక్కవేసినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు.

కడ్డీ పట్టుకుని, శరీరం కడ్డీతో సమానమైన ఎత్తు నుంచి ఊగి కిందికి వస్తే, ఊపు అట్టడుగున చేతుల మీద పడే బరువు మనిషి బరువుకు మూడు రెట్లవుతుందని హైస్కూలు భౌతికశాస్త్రమే చెబుతుంది. అందులో సగం ఎత్తు నుంచి ఊగినా అది రెండు రెట్లు. అంటే 30 కిలోల పిల్ల 60 నుంచి 90 కిలోలను వేళ్లతోనూ, భుజం కీలుతోనూ ఆపుతోందన్నమాట. ఒక కడ్డీని వదిలి గాలిలో ఎగిరి మరో కడ్డీని అందుకునేటప్పుడు ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనుక తగిలితే, ఆ బరువంతా కనురెప్పపాటు కాలం ఒక్క భుజం మీదే పడుతుంది. భుజం కీలు తప్పడం, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువు చిరగడం అలాంటి క్షణాల్లో జరగవచ్చు.

ఈ పోటీల గురించి మనలో చాలామందికి తొలి పరిచయం పోగో ఛానెల్లో జావేద్ జాఫ్రీ వ్యాఖ్యానంతో వచ్చిన తకేషీస్ క్యాసిల్. మనుషులు బురదలోనూ నీళ్లలోనూ పడుతుంటే ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్విన రోజులవి. 1997లో జపాన్‌లోనే మొదలైన సాసుకే అనే టీవీ పోటీ ఆ నవ్వును పక్కనపెట్టి అడ్డంకుల పరుగును కఠినమైన క్రీడగా మార్చింది. దాని నుంచే 2009లో అమెరికన్ నింజా వారియర్ పుట్టింది. రూపం మారినా, తప్పిన మనిషి నీళ్లలో పడతాడన్న దృశ్యం మాత్రం మారలేదు. కెమెరా ఆ పడటాన్నే మళ్లీ మళ్లీ నెమ్మదిగా చూపిస్తుంది కాబట్టి, ప్రమాదమంటే అదేనని, నీళ్లున్నాయి కాబట్టి ఏమీ కాదని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నా అభిప్రాయంలో తెర మనకు నేర్పే పెద్ద పొరపాటు ఇదే. దెబ్బలు ఎక్కువగా తగిలేది మనిషి నేల మీదో, పరుపు మీదో, మెట్టు అంచు మీదో కాలు మోపే చోట. చిన్న ట్రాంపొలిన్ మీద ఒక పాదం ముందూ ఒక పాదం వెనుకా పడితే మోకాలు పక్కకు మెలిపడి, ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు తెగవచ్చు. 14 అడుగులకు పైబడిన వంపు గోడ మీదికి పరుగెత్తే చివరి రెండు అంగల్లో పిక్క కండరం, మడమ పైనున్న పెద్ద స్నాయువు తట్టుకోగలిగినంత వరకూ సాగుతాయి. 2018లో అమెరికన్ నింజా వారియర్‌లో 18 అడుగుల గోడను పెట్టి, ఎక్కినవారికి పదివేల డాలర్లు ఇస్తామన్నారు. డబ్బు ఎదురుగా ఉంటే అలసిన కాలి మాట ఎవరు వింటారు?

నాకు తగిలిన దెబ్బ కూడా దిగే చోటే తగిలింది. రెండేళ్ల కిందట ఒక జిమ్‌లో తల్లిదండ్రులను కూడా ఆడించిన రోజున, కడ్డీ వదిలి నాలుగడుగుల కిందనున్న పరుపుల మీదికి దూకాను. రెండు పరుపులు కలిసే చోట నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది. ఎడమ పాదం సరిగ్గా అందులో దిగి చీలమండ లోపలికి మడతపడింది. టప్‌మన్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆరు వారాలు కట్టుతో తిరిగాను. ఆ సందును కప్పడానికి ఒక పలుచని పరుపు అడ్డంగా వేస్తే చాలు. అది ఆ గదిలోనే, గోడకు ఆనించి ఉంది.

టీవీ పోటీల్లో ఇలాంటి సందులు ముందే పట్టుబడేలా, పోటీదారుల కంటే ముందు వేరే మనుషులు ప్రతి అడ్డంకినీ దాటి పరీక్షిస్తారు. అది మంచి పద్ధతే. పోటీదారులకు మాత్రం ఆ అడ్డంకులను ముట్టుకుని సాధన చేసే అవకాశం ఉండదు. పైగా చిత్రీకరణ రాత్రంతా సాగడం వల్ల, గంటల తరబడి చలిలో కూర్చుని, బిగుసుకుపోయిన కీళ్లతో తెల్లవారుజామున బరిలోకి దిగాల్సి రావచ్చు.

దెబ్బే తగలకుండా ప్రాణం పోయిన సంఘటనా ఉంది. 2020 నవంబరులో వైపౌట్ అనే మరో అమెరికా అడ్డంకుల పోటీ చిత్రీకరణలో ఒక పోటీదారుడు కోర్సు పూర్తిచేశాక అస్వస్థతకు గురై మరణించాడు. కారణం గుండెపోటని, అంతకుముందు ఎవరూ గుర్తించని గుండె ధమనుల జబ్బు ఉందని తరువాత తేలింది. వయసులో ఉన్నవాడు, పైకి ఆరోగ్యంగా కనిపించేవాడు అన్న భరోసా గుండె విషయంలో చాలదు. అడ్డంకుల మీద పెట్టే శ్రద్ధను మనుషుల వైద్య పరీక్షల మీద కూడా పెట్టాలి.

నాకు అన్నిటికన్నా దగ్గరి విషయం వయసు. 2014లో అమెరికన్ నింజా వారియర్ ఇక్కడి డాలస్ పోటీలో ఐదడుగుల ఎత్తున్న కేసీ కటన్‌జారో ఆ 14 అడుగుల వంపు గోడ ఎక్కిన తొలి మహిళ అయింది. మా పాప గదిలో ఆమె బొమ్మ ఉంది. 2018లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వేరే పోటీ మొదలైంది. 2021లో పెద్దల పోటీకి కనీస వయసును 15కు తగ్గించారు. ఎదిగే పిల్లల ఎముకల చివర ఇంకా గట్టిపడని మృదువైన పొరలుంటాయి. పెద్దలకు లిగమెంటు సాగే చోట పిల్లలకు ఆ పొర దెబ్బతింటుంది. రాళ్లెక్కే క్రీడలో కౌమారంలోని పిల్లల వేళ్లకు ఇలాంటి పగుళ్లు రావడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఐదు క్రీడలు కలిసిన మోడర్న్ పెంటథ్లాన్‌లో గుర్రపు స్వారీ స్థానంలో అడ్డంకుల పరుగు వస్తోంది కాబట్టి, పిల్లల రద్దీ ఇంకా పెరుగుతుంది. వయసును బట్టి ఎన్నిసార్లు ఊగనివ్వాలో, ఏ ఎత్తు నుంచి దూకనివ్వాలో నియమాలు ఇప్పుడే రాయడం అత్యవసరమని నేను నమ్ముతున్నాను.

ఆదివారం మా ఆవిడా నేనూ పాప కోచ్‌తో మాట్లాడాము. అరచెయ్యి మానేవరకూ కడ్డీలు వద్దని, ఆ తరువాత కూడా ఒంటి చేత్తో ఎగిరే విన్యాసాలు కొన్నాళ్లు ఆపమని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఈ వారం పాప దూకి దిగడం మాత్రమే సాధన చేస్తోంది. రెండు పాదాలూ ఒకేసారి, మోకాళ్లు కొద్దిగా వంచి, చప్పుడు రాకుండా. దూకే ముందు వంగి, పరుపుల మధ్య చెయ్యి పెట్టి చూసుకుంటోంది.