ఇంగ్లండ్ స్కూల్ డ్రెస్సు మొదలైంది బీదపిల్లల కోసం

ఇంగ్లండ్ స్కూల్ యూనిఫాం అనంగనే మనకు టై, బ్లేజరు, పెద్దింటి పిల్లలు యాదికొస్తరు. కని అది మొదలైంది దిక్కులేని పిల్లల కోసం. ఈ ముచ్చట చదివినప్పటి నుంచి జూన్ నెలల మన హన్మకొండ బట్టల షాపుల్ల జరిగేదంతా నాకు వేరే తీరుగ కనపడుతున్నది, అందుకే రాస్తున్న.

1552ల లండన్‌ల క్రైస్ట్స్ హాస్పిటల్ అని పెట్టిన్రు. అది దవాఖాన కాదు, అనాథలకు, బీదోళ్ల పిల్లలకు తిండి, బట్ట, చదువు అన్నీ ఇచ్చే జాగ. ఆ ఏడు క్రిస్మస్ నాడు 340 మంది పిల్లలను బజార్ల వరుసగ నిలవెట్టిన్రట, అందరికీ ఒక్కటే ఎర్రమట్టి రంగు బట్ట, మళ్ల ఈస్టరు వచ్చేసరికి నీలం రంగుకు మార్చిన్రు. నీలమే ఎందుకంటే ఆ రంగద్దకం అగ్గువ, పనోళ్లు, పని నేర్చుకునే పోరగాళ్లు ఏసుకునేది గదే. ఆ స్కూలు 1902ల హోర్షమ్ అనే ఊరికి మారింది కని డ్రెస్సు మారలే, పొడుగు నీలం కోటు, తోలు బెల్టు, పసుపుపచ్చ మేజోళ్లు, మెడకు తెల్లబట్ట. ఇయ్యాల్టికి కూడ పిల్లలకు ఆ డ్రెస్సు స్కూలే ఫ్రీగ ఇస్తది! తర్వాత వేరే ఊర్లల్ల ధర్మంగ పెట్టిన బడులు కూడ ఇదే నీలం కోటు పట్టుకున్నయి, అది ఏసుకున్న పిల్ల ఎదురైతే ధర్మం బడి పిల్ల అని అందరికీ తెలిసిపోయేది.

ఈటన్, హారో లాంటి పెద్దోళ్ల స్కూళ్లు చానా కాలం తర్వాత, 19వ శతాబ్దంల, పక్కా యూనిఫాంకి వచ్చినయి. అప్పటి నుంచే డ్రెస్సంటే గొప్ప అయ్యింది.

1870ల చట్టం చేసి ఊరూర బడులు పెట్టిన్రు. ఆ బడులల్ల యూనిఫాం గిట్ల ఏం లేదు, అసలు చానా మంది పిల్లలకు కాళ్లకు బూట్లే లేకుండె, అంత చలిదేశంల. బర్మింగ్‌హామ్, లివర్‌పూల్ దిక్కు చందాలు వసూలు చేసి, కొన్ని జాగల్ల పోలీసోళ్లే ముందు పడి, పిల్లలకు బూట్లు బట్టలు పంచేటోళ్లు. నన్ను చానా బాధపెట్టింది ఏందంటే, ఆ బూట్ల మీద, బట్టల మీద ముద్ర కొట్టేటోళ్లట, ఇంట్ల తిండికి లేక తల్లిదండ్రులు కుదువ పెట్టొద్దని, ఆ ముద్ర ఉంటె కుదువ షాపోడు తీసుకోడు. సాయం చేసిన్రు నిజమే, కని ఆ పిల్ల రోజూ ఆ ముద్ర ఏసుకొని నలుగుర్ల నడవాలె గదా. ఇచ్చే చెయ్యి గట్ల ఇయ్యొద్దు అని నాకు గట్టిగ అనిపిస్తది.

1944 చట్టంతోటి గ్రామర్ స్కూళ్లల్ల, అంటే పరీక్ష పెట్టి పిల్లలను తీసుకునే హైస్కూళ్లల్ల, ఫీజులు పోయినయి. పరీక్ష పాసైతే కూలోళ్ల పిల్లకు కూడ సీటు. కని టోపీ, బ్లేజరు, ఆటల డ్రెస్సు మాత్రం ఇంటోళ్లే కొనాలె, అది కూడ బట్టలకు కూపన్లు నడుస్తున్న కాలంల, ఆ రేషన్ 1949 దాక ఉండె. సీటు వచ్చిందన్న సంతోషం కంటె డ్రెస్సు ఎట్ల కొనాలన్న రంది ఎక్కువ ఉన్న ఇండ్లు ఉండె. ధర్మంగ ఇచ్చిన డ్రెస్సు ఇక్కడికొచ్చి బీదోళ్లకే బరువైంది, నాకు ఈ చరిత్రల అన్నిటికంటె పెద్ద విషయం ఇదే.

మా దగ్గర కూడ గంతే. జూన్‌ల షాపుకు పోతే "అక్కా, ఏ స్కూల్? ఏ క్లాస్?" అని అడిగి పాకెట్ పెడతడు, రేటు అడుగుడే తప్ప బేరం లేదు, ఎందుకంటే ఆ గుడ్డ, ఆ గీతల సాక్సు వేరే ఎక్కడ దొరకయి. మా పెద్దదాని ఫ్రాకుకు మా అత్తమ్మ కింద నాలుగు వేళ్ల మందం మడత లోపలికి పెట్టి కుట్టిచ్చేది, ఏటా కొంచెం కొంచెం ఇప్పుతె రెండేండ్లు వచ్చేది, మళ్ల చిన్నదానికి అయితది గదా అని దాచిపెట్టింది. తీరా చిన్నది ఆ క్లాసుకు వచ్చేసరికి స్కూలోళ్లు లోగో మార్చిన్రు, చెక్సు రంగు మార్చిన్రు. గుడ్డ ఇంకా గట్టిగనే ఉన్నది, అత్తమ్మ దాన్ని పట్టుకొని చానాసేపు చూసింది.

అదే సర్కారు బడికి సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన గుడ్డ వస్తది, మహిళా సంఘాల అక్కలు కుడతరు, ఏడాదికి రెండు జతలు పిల్లలకు ఫ్రీ. మంచి పని అది, టైముకు అందాలె అంతే.

యూనిఫాం ఉండాలె అని ఇంగ్లండ్‌ల చట్టం ఏం లేదు, అది స్కూళ్ల ఇష్టం. కని ఖర్చు మీద మాత్రం 2021ల చట్టం తెచ్చిన్రు, ఒక ఎంపీ సొంతంగ పెట్టిన బిల్లు అది. స్కూలు పేరున్న బట్టలు తక్కువ ఉండాలె, ఒక్క షాపుకే ఊకె రాసియ్యొద్దు, వాడిన బట్టలు దొరికే ఏర్పాటు ఉండాలె అని సర్కారు రూల్సు రాసింది, స్కూళ్లు అవి పట్టించుకోవాల్సిందే.

మాకైతె అన్ని కూడ అక్కర్లేదు. లోగో బిల్ల విడిగ అమ్మమని, గుడ్డ ఎక్కడైనా కొనుక్కోనియ్యమని, డ్రెస్సు మార్చాల్నంటే ఐదేండ్లకు ఒకసారే మార్చమని వచ్చే పేరెంట్స్ మీటింగ్‌ల అడుగుదామని మా లైన్ల తల్లులం కొందరం అనుకున్నం. కాయితం మీద రాసి సంతకాలు పెట్టిస్తున్నం, ఏప్రిల్ లోపే ఇయ్యాలె, షాపులకు స్టాకు వచ్చినంక అడిగితె ఎవ్వరు వినరు.