పులెట్ అంటే పిల్ల కాదు

చిత్తూరు పల్లెల్లో పుంజు, పెట్ట, పిల్ల అనే మూడు మాటలతో కోళ్ల పెంపకం గడిచిపోతుంది. పగలు దిబ్బ మీద మేసి రాత్రి గంప కిందికి చేరే నాటుకోడికి అవి చాలు. కువైట్‌లో వఫ్రా వైపు కోళ్ల షెడ్లలో పనికి వచ్చే మనవాళ్లకు మాత్రం చాలవు.

కువైటీ యజమాని కోళ్లను ‘దియాయ్’ అంటాడు, ఈజిప్టు సూపర్‌వైజరు ‘ఫిరాఖ్’ అంటాడు. పిల్ల ‘కత్కూత్’, గుడ్లు ‘బేద్’, మేత ‘అలఫ్’. ఈజిప్టువాళ్ల నోట నీళ్లు ‘మయ్యా’, చచ్చింది ‘మయ్యిత్’. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పొద్దున్నే ‘కామ్ మయ్యిత్?’ అంటే నీళ్ల సంగతి కాదు, రాత్రి ఎన్ని పోయాయని. ఏరి, లెక్కపెట్టి, అంకె చెప్పాలి.

అన్నిటికన్నా నష్టం తెచ్చే మాట ‘పులెట్’. మన చెవికి పిల్ల అన్నట్టే పడుతుంది. కానీ అది ఇంకా గుడ్డుకు రాని పెట్ట. పిల్లకు స్టార్టర్, పులెట్‌కు గ్రోయర్, గుడ్డుకొచ్చిన పెట్టకు లేయర్ మేత. పెంకు గట్టిపడాలని లేయర్ మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, గ్రోయర్‌లో సుమారు 1 శాతమే. పది వారాల పులెట్‌కు వారాల తరబడి లేయర్ మేత పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుడ్డు మొదలయ్యేది 18, 20 వారాల మధ్య, అంతవరకూ తొందరపడకూడదు. బస్తాలు ఒకేలా ఉంటాయి కాబట్టి విప్పేముందు చీటీ చూడండి, చదవడం రాకపోతే అడగండి. అడిగితే చిన్నతనమేమీ లేదు.

‘బ్రూడర్’ అంటే తల్లి రెక్కల కింది వెచ్చదనానికి బదులు పెట్టే ఏర్పాటు. మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తారు. థర్మామీటరుతో పాటు పిల్లల్నీ చూడాలి. దీపం కింద గుంపుగా చేరితే చలి, అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి.

‘లిట్టర్’ కింద పరిచే పొట్టు. పిడికిట్లో నొక్కి వదిలినా ముద్దగానే ఉంటే తడి ఎక్కువైనట్టు. తడి పొట్టులోంచి లేచే అమ్మోనియా ఘాటుకు కోళ్ల కళ్లు పోతాయి. ముందు కోళ్లు నీళ్లు తాగే గొట్టం మొన, అంటే నిపుల్, ఎక్కడ కారుతోందో వెతకాలి.

వేసవిలో ఇంకో మాట తప్పక రావాలి: ‘కహ్రబా మాకు’. కువైటీలో ‘మాకు’ అంటే లేదు అని, కరెంటు లేదని అర్థం. మూసిన షెడ్డులో ఫ్యాన్లు ఆగితే కోళ్లు నిమిషాల్లో రొప్పుతాయి, కాసేపటికి గుట్టలుగా పడతాయి. ఆ మాట గట్టిగా అరిచి, జనరేటరు అందుకునేదాకా పక్క తెరలు ఎత్తెయ్యండి.