రెండు ఊళ్ల కొలతల మధ్య మా అమ్మాయి

2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో పదహారేళ్లు నిండని పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టిక్‌టాక్ వంటి వాటిలో ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు; తగిన చర్యలు తీసుకోని కంపెనీలకు మాత్రం 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు జరిమానా పడుతుంది. మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఖాతా పోయిన కొద్ది రోజులకే బడి సెలవులు వచ్చి, సంక్రాంతికి కావలిలోని మా పుట్టింటికి వచ్చాం. ఇక్కడ తన ఈడు పిల్లలందరి చేతుల్లోనూ అదే ఇన్‌స్టాగ్రామ్ ఉంది.

ఆ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. అయితే ప్రవాసంలో పెరిగే పిల్లల కష్టం ఒకటి చట్టానికి అందనిది. ఒకే ఊళ్లో పెరిగే పిల్లలు తమను ఆ ఊరి పిల్లలతో పోల్చుకుంటారు. మన పిల్లలకు రెండు కొలతలు. మెల్‌బోర్న్ స్నేహితురాళ్లు సముద్రపుటొడ్డున దిగిన ఫొటోలు చూసి మా అమ్మాయి తన ఒంటి రంగు గురించి దిగులుపడేది. పెద్దమ్మ కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు చూసి తన జడ గురించీ, తడబడే తన తెలుగు గురించీ దిగులుపడేది. ఈ రెండూ ఒకే రాత్రి, ఒకే తెర మీద జరిగేవి.

దీనికి గడియారం కూడా తోడయింది. అక్కడి వేసవిలో, అంటే మన చలికాలంలో, మెల్‌బోర్న్ మనకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, కావలిలో వాళ్లక్క, అంటే ఆ పెద్దమ్మ కూతురు, అన్నం తిని తొమ్మిదింటికి ఫోన్ పట్టుకునేసరికి మా ఇంట్లో రాత్రి రెండున్నర అవుతుంది. ఆ ఒక్క పలకరింపు కోసం దుప్పటి కింద మేలుకుని, అది వచ్చేదాకా రీల్స్ చూస్తూ ఉండేది. ఎంత తోసినా అడుగు తగలని ఆ ఏర్పాటును 2006లో రూపొందించిన డిజైనర్ ఏజా రాస్కిన్ ఆ తరువాత తానే బాహాటంగా విచారం వెలిబుచ్చాడు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. కర్ణాటక నుంచి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ అయిన వివేక్ మూర్తి, అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ఆ ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన వైద్యాధికారిగా, 2023లో చేసిన హెచ్చరికలో, రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే కౌమార వయస్కులకు కుంగుబాటు, ఆందోళన వంటి లక్షణాల ముప్పు రెట్టింపని పేర్కొన్నారు.

కావలిలో దిగిన మర్నాడే వాకిట్లో ముగ్గు పెడుతున్న పిల్లను చూసి, వరసకు అత్తయ్య అయ్యే ఒకావిడ "ఏం మే, ఇట్టా నల్లబడ్డావే?" అంది. మా అమ్మాయి ముగ్గు సగంలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లిన వాళ్లక్క తన ఫోన్‌లో ఒక ఫొటో తీసి, ఫిల్టర్ వేసినప్పుడూ తీసేసినప్పుడూ ముఖం ఎలా మారుతుందో చూపించింది. "ఆ ఫంక్షన్ ఫొటోల్లో ఉండేది నేను కాదు మే. ఆ రోజు ఉక్కపోసి, పిన్నులు గుచ్చుకుని ఏడుపొచ్చింది నాకు" అని చెప్పింది. ఇంతకాలం ఆ ఫొటోలను చూసి కుమిలిన పిల్లకు ఈ మాట ఏ రీలూ చెప్పలేదు.

అందుకే పిల్లల చేతిలోని ఫోన్ పూర్తిగా లాక్కోవడం ప్రవాస కుటుంబాలకు మందు కాదని నా గట్టి నమ్మకం. అక్కతో మాట నిలవాలి, అంతులేని రీల్స్ పోవాలి. వాట్సాప్ ఆ చట్టం పరిధిలోకి రాదు. ఇక్కడి పెద్దలను నేను వేడుకునేది కూడా ఒకటుంది: సెలవులకు వచ్చిన పిల్లల రంగు, ఒళ్లు, యాస గురించి వ్యాఖ్యానించకండి, అడగకుండా వాళ్ల ఫొటోలు బంధువుల గ్రూపుల్లో పెట్టకండి.

పిల్ల తిండి, నిద్ర, స్నేహాలు మానుకుని వారాల తరబడి ముభావంగా ఉంటే దిష్టి తీసి ఊరుకోకూడదు. మన దేశంలో 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆస్ట్రేలియాలో పిల్లల కోసం కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800 ఉంది.

ఇప్పుడు మా అక్కా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం పొద్దున పదింటికి కావలి నుంచి వీడియో కాల్ రావాలి. మాకప్పుడు మధ్యాహ్నం మూడున్నర. రాత్రి పూట మెసేజ్‌లు వద్దని ఇద్దరు పిల్లలకూ చెప్పాం. పదహారేళ్లు నిండగానే మళ్లీ ఖాతా తెరుస్తానని మా అమ్మాయి అంటోంది, నేను కాదనలేదు.